మానమును మరణమును: రోమకులయందును మనయందును

(మామిడికుదురులో చేసిన స్మారకోపన్యాసము)



ఎవరి స్మృత్యర్థమై ఈ సభ జరుగుచున్నదో ఆ పంతులుగారు, తమ పేరు వేదికపై వినవచ్చినంతనే తలవంచుకొని వెనుకవరుసకు పోవు స్వభావము గలవారని వారి శిష్యులెల్లరు నెరుగుదురు. కనుక వారి గుణకథనముతో కాలము గడపక, వారికి మిక్కిలి ప్రీతిపాత్రమైన ప్రాచీన చరిత్రనుండి యొక విషయమును గ్రహించి ముచ్చటించుటయే వారికి తగిన నివాళి యని భావించితిని. విషయము మాత్రము మంగళకరమైనది కాదు. మనుష్యుడు తన చావును తానే కోరి తెచ్చుకొనుట, దానిని లోకమొకప్పుడు కీర్తిగాను మరియొకప్పుడు పాపముగాను ఎంచుట, ఆ యెంచుటలో ధర్మమెంత, అభిమానమెంత, లాభాపేక్ష యెంత యనునదియే నేటి ప్రసంగము. రోమకుల చరిత్రలో దీనికి దొరకునంతటి విస్తారమైన సాక్ష్యము అన్యత్ర దొరకుట యరుదు. అయినను రోము నగరము నొక్కదానినే మీ ముందు నిలుపబోవుట లేదు. మన వైనతేయ దాటి, అమలాపురము మీదుగా పోయినచో చేరగల విలస గ్రామమును గూర్చిన తామ్రశాసనమొకటి, కాకతి ప్రభువులలో కడపటివాని మరణమును గూర్చి పలికిన పలుకు నా ప్రసంగమునకు సగపాలు ఆధారమై యున్నది.

రోమకులెక్కడ, మామిడికుదురెక్కడ యని యెవరైన నవ్వుదురేమో! ఈ ఊరికి చేరువనే, వైనతేయ యొడ్డున, ఆదుర్రులో బౌద్ధస్తూపము గలదు. అట్టి స్తూపములు మన తీరమున వెలసిన కాలముననే పడమటి సముద్రమునుండి వచ్చు వర్తకుల బంగారమును వెండియు ఆంధ్రదేశమున చెల్లుచుండెను. నల్లగొండ ప్రాంతమున అక్కనపల్లెలో దొరకిన నిక్షేపములో 1531 రోమక నాణెములు, చాలవరకు అగస్టసు, టైబీరియసు చక్రవర్తుల ముద్రలు గలవి, ఒక్కచోట బయల్పడినవి. భారతదేశ వర్తకమువలన తమ సామ్రాజ్యమునుండి ఏటేటా అయిదుకోట్ల సెస్టర్సుల ధనము తరలిపోవుచున్నదని ప్లినీ పండితుడు వాపోయెను. ఆ పోయిన ధనములో కొంత మన మిరియములకును మన సన్నవస్త్రములకును ముట్టినదే. నాణెముపై నున్న ఆ టైబీరియసు ముఖమును మాత్రము జ్ఞాపకముంచుకొనుడు. అతని పేరు మరల రావలసి యున్నది.

రోమకునికి చావు ఇంటిలో జరుగు సంగతి కాదు, వీధిలో జరుగు సంగతి. బందీగా రోమునకు వచ్చి, ఆ నగరమును గ్రీకుకన్నులతో పరిశీలించిన పొలిబియసు ఒక ప్రముఖుని అంత్యయాత్రను వర్ణించినాడు. మృతదేహమును అంగడివీధి నడుమ ఉపన్యాసవేదికకు మోసికొనిపోయి, పలుమారు నిలువుననే నిలిపి, కుమారుడు వేదిక నెక్కి తండ్రి చేసిన పనులను, గెలిచిన యుద్ధములను పౌరులకు వినిపించును. అంతకన్న విచిత్రమైనది మరియొకటి గలదు. పూర్వులు గతించినప్పుడు వారి ముఖమును పోలిన ముఖాకృతిని చేయించి, ఇంటి చావడిలో కొయ్య అరలలో భద్రపరచి, వంశమున మరల ఎవరైన పోయినప్పుడు ఆకారమున సరిపోలిన మనుష్యులకు ఆ ముఖములను తొడిగి, ఆయా పూర్వుడు వహించిన పదవికి తగిన యంచుగల వస్త్రమును కప్పి, రథములపై నెక్కించి తీసికొనివచ్చెడివారు. వారందరును వేదికయొద్ద దంతపు పీఠములపై వరుసగా కూర్చుందురు. అనగా చచ్చినవానిని సాగనంపుటకు వాని తాతముత్తాతలే వచ్చి కూర్చుండిరన్నమాట. ఆ వరుసను చూచుచు ప్రజలలో నిలువబడిన పదునాలుగేండ్ల బాలునికి ఏమి తోచియుండునో యూహింపుడు. తానును ఒకనాడు ఆ పీఠమున కూర్చుండవలెననియే! బ్రతికినన్నాళ్లు వాని వెనుక ఆ ముఖములు చూచుచుండును. రోమక కులీనుని మరణమునకు మూలము ఆ చూపులలో నున్నది.

సామాన్యుల పితృకార్యములు వేరు. వారి ఫిబ్రవరి మాసమున 13వ తేదీ మొదలు 21వ తేదీ వరకు పితృదినములు. సమాధిచెంత దారినడుమ నొక పెంకుముక్కను పెట్టి, దానిమీద పిడికెడు గింజలు, చిటికెడు ఉప్పు, మద్యములో నానిన రొట్టె, విడిపూలు ఉంచినచో పితరులు తృప్తులగుదురని ఓవిదు కవి చెప్పినాడు. మహాలయ పక్షమున విస్తరిలో పిండము పెట్టి కాకికొరకు ఎదురుచూచు మనకు ఇందులో వింత యేమియు లేదు. మే మాసములో మూడురాత్రులు మాత్రము తృప్తిలేని ప్రేతములను ఇల్లు వెడలగొట్టుటకు గృహస్థుడు అర్ధరాత్రమున వట్టికాళ్లతో లేచి, నల్లచిక్కుడు గింజలను వెనుకకు విసరి, కంచుపళ్లెమును మ్రోగించును. పితరులందరు పూజ్యులే గాని, అందరును ఇంటిలో నుండదగినవారు కారు!

ఇక స్వయంకృత మరణము. రోమకులు తమ ప్రజారాజ్యపు పుట్టుకనే అట్టి మరణముతో ముడివెట్టుకొనిరి. రాజకుమారుడు బలాత్కరింపగా లుక్రేషియా యను కులస్త్రీ తండ్రిని భర్తను పిలిపించి, జరిగినది చెప్పి, ప్రతీకార ప్రతిజ్ఞ చేయించుకొని, తప్పు మనస్సుది గాని దేహముది కాదని వారందరు నచ్చజెప్పుచున్నను వినక, తన పేరు చెప్పుకొని మరి యే కులట బ్రతుకరాదని పొడుచుకొని చనిపోయెననియు, ఆ కత్తిని పైకెత్తి బ్రూటసు రాజులను వెడలగొట్టెననియు లివీ వ్రాసెను. సంప్రదాయము దీనికిచ్చిన కాలము క్రీ.పూ. 509. కథ యెంతవరకు నిజమో లివీకిని తెలియదు. కాని అయిదువందల యేండ్లపాటు రోమక బాలికలకు పతివ్రతాధర్మము ఈ కథతోనే నేర్పబడినది. దీనికి తగిన సమాధానము తొమ్మిది శతాబ్దముల తరువాతగాని రాలేదు. క్రీ.శ. 410లో గోతులు రోమును దోచుకొన్నప్పుడు మానభంగము నొంది, అయినను బ్రతికియున్న స్త్రీలను లోకులు లుక్రేషియాతో పోల్చి నిందించుచుండగా, అగస్టీను ఆచార్యుడు వారి పక్షము వహించి, ఆమె నిర్దోషియైనచో ఏల చంపబడినది, దోషియైనచో ఏల పొగడబడుచున్నది యని యడిగెను. అగస్టీను మతవాదములతో నాకంతగా పొత్తు కుదరదు గాని, ఈ ప్రశ్న వేసినందుకుమాత్రము ఆయనకు నమస్కరింతును.

రోమక మహిమకు శిఖరముగా నెంచబడిన మరణము కేటోది. క్రీ.పూ. 46లో థాప్ససు యుద్ధమున సీజరు గెలువగా, ఆఫ్రికా తీరమున యూటికా పట్టణమును కాచుచున్న కేటో, మొదట తన పక్షపు వారందరిని ఓడలలో నెక్కించి పంపివేసి, ఆ రాత్రి స్నానము చేసి, మిత్రులతో భుజించి, తత్త్వచర్చ సాగించి, పడకగదిలో ప్లేటో రచించిన ఆత్మవిషయక సంవాదమును చదువ మొదలిడెను. తలవైపు చూడగా ఖడ్గము లేదు, కుమారుడు దాచియుండెను. కేటో కోపించి, బానిస నొకనిని నోటిమీద గుద్దగా చేయి వాచెను. చివరకు ఖడ్గమును ఒక బాలునిచేత లోనికి పంపిరి. దాని యంచును పరీక్షించి, ఇప్పుడు నాకు నేను యజమానుడనని పలికి, ఆ గ్రంథమును రెండుమారులు చదివెనని ప్లూటార్కు చెప్పుచున్నాడు. తెల్లవారుజామున తన్ను తాను పొడుచుకొనెను. వాచిన చేతిలో బలము చాలక ప్రాణము వెంటనే పోలేదు. పడినప్పుడు లెక్కల పలక దొర్లిన చప్పుడునకు ఇంటివారు పరుగెత్తి వచ్చిరి. వైద్యుడు గాయమును కుట్టెను. స్పృహ రాగానే అతడు ఆ వైద్యుని త్రోసివేసి, కుట్లను త్రెంచుకొని మరణించెను. సీజరు వచ్చి, నీ మరణమును నేను ఓర్వలేకున్నాను, నిన్ను రక్షించు కీర్తిని నాకు దక్కనీయవైతివి గదా యని వగచెనట! ఆ మాటలోనే సర్వమును ఉన్నది. క్షమించువాడు అధికుడు, క్షమింపబడువాడు అధముడు. సీజరు క్షమను గ్రహించుటయే కేటోకు దాస్యము. ఇది పౌరుషమే, కాదనను. కాని వాచిన చేతిని మరువకుడు. స్వాతంత్ర్యమునకై చావబోవుచున్న మహాపురుషుడు, ఆ సాయంకాలము, స్వాతంత్ర్యము లేనివాని నోటిపై కొట్టిన దెబ్బ తానే అతని మరణమును దుర్భరము చేసినది. ప్లూటార్కు దానిని దాచక వ్రాసెను. కేటోను దేవునిగా చేసిన తరువాతివారు దానిని విడిచిపెట్టిరి. ఇంకొక చిత్రము: అతడు చదివిన ఆ సంవాదములోనే, మనుష్యుడు దేవతల సొత్తు గనుక వారి యాజ్ఞలేక దేహమును విడువరాదని సోక్రటీసు బోధించును. కేటో దానిని రెండుమారులు చదివెను.

కేటో అల్లుడగు బ్రూటసు (లుక్రేషియా కథలోని బ్రూటసు వేరు) మొదట మామ చేసినదానిని నిందించినవాడే. నాలుగేండ్లకు ఫిలిప్పై యుద్ధమున ఓడి తానును అదే చేసెను.

ప్రజారాజ్యము పోయి చక్రవర్తులు వచ్చిన తరువాత ఈ మానధనుల మరణము మరియొక విధముగా పరిణమించెను. టైబీరియసు కాలమున రాజద్రోహపు నేరము మోపబడినవాడు శిక్ష పడువరకు ఉన్నచో ఆస్తి జప్తు కావలసినదే, శవమునకు సంస్కారము కూడ లేదు. తీర్పునకు ముందే తన్ను తాను చంపుకొన్నచో శవము బంధువులకును ఆస్తి వారసులకును దక్కును. తొందరపడినందుకు అది బహుమానమని టాసిటసు చేదుగా వ్రాసినాడు. అక్కనపల్లె వెండిమీద ముఖము గలవాడు ఈ మహారాజే. కనుక ఆ కాలమున ధీరోదాత్తముగా చనిపోయిరని మనము చదువు వారిలో అనేకులు పిల్లలకు ఇల్లు వాకిలి మిగులునను ఆశతో చనిపోయిరి. చంపుటకు చక్రవర్తికి తలారి యక్కరలేదు. చట్టములో ఒక్క సందు విడిచిన చాలును. ఇట్టి మరణమునకు గౌరవమను ముసుగు వేసినది, చచ్చినవారా, చంపించినవారా?

క్రీ.శ. 65లో తత్త్వవేత్తయగు సెనెకాకు, తన శిష్యుడగు నీరో చక్రవర్తినుండి, చావుమని ఆజ్ఞ వచ్చినప్పుడు జరిగినది మీలో చదివినవారు చదివియేయుందురు. వృద్ధదేహమునుండి ప్రాణము ఎంతకును పోక, ఒకదాని వెనుక నొకటిగా ఉపాయములు విఫలము కాగా, వ్రాయసగాండ్రకు మాటలు చెప్పి వ్రాయించుచు గడపిన ఆ దీర్ఘవేదనను టాసిటసు రాగద్వేషములు లేక చెప్పినాడు. సోక్రటీసువలె పోవలెనని జీవితమంతయు అభ్యసించినవానికి అంత తేలికగా పోవుట లభింపలేదు. నాకు ఆ దృశ్యముకన్న ఆయన యొక లేఖలో చెప్పుకొన్న చిన్నసంగతి ప్రియమైనది. యౌవనమున రొంప జ్వరములు కృశింపజేయగా ప్రాణమును విడువ నిశ్చయించెనట. ముసలితండ్రి దానిని భరింపజాలడని తోచి మానుకొనెను. బ్రతికియుండుటయు ఒక్కొక్కప్పుడు శౌర్యమేనని ఆయన ఆ సందర్భముననే చెప్పినాడు. మరణవిషయమున ఇంత వ్రాసిన సెనెకానుండి ఈ వాక్యమును తీసి పాఠ్యపుస్తకములలో నుంచినవారిని నేను చూడలేదు.

ఆరియా కథయు ఇట్టిదే. క్రీ.శ. 42లో క్లాడియసుపై తిరుగబడిన వారిలో ఆమె భర్త పీటసు చేరి, మరణము తప్పనివాడై, చేయి సాగక నిలువగా, ఆమె తానే ముందు పొడుచుకొని, కత్తిని తీసి యిచ్చి, నొప్పి లేదని ధైర్యము చెప్పినదట. ఇది జగత్ప్రసిద్ధము. చిన్నప్లినీ ఆమె మనుమరాలి నోట విని యొక లేఖలో వ్రాసినది మాత్రము అంత ప్రసిద్ధము కాదు. ఒకప్పుడు పీటసును, వారి సుకుమారుడగు కుమారుడును ఒక్కసారి జబ్బుపడిరి. కుమారుడు పోయెను. ఆరియా అంత్యక్రియ జరిపించి, భర్తకు తెలియనీయక, అతని గదిలోనికి పోయినప్పుడెల్ల కుర్రవానికి నెమ్మదిగా నున్నదని చెప్పును. ఏమి తిన్నాడని అడిగినచో బాగుగా తిన్నాడు, నిద్రపోయినాడు అనును. కన్నీరు ఆగనప్పుడు బయటికి వచ్చి యేడ్చి, కన్నులు తుడుచుకొని, మరల లోనికి పోవును. కత్తి తీసిన యారియా యెదుట కీర్తి నిలిచియుండెను, ఈ యారియా యెదుట ఏదియు లేదు, కనుక ఇదియే గొప్పదని ప్లినీ తీర్పు చెప్పెను. నాకును అంతే తోచుచున్నది.

ఇంతవరకు చెప్పినదంతయు పెద్దింటివారి సంగతి. న్యాయశాస్త్రమును తిరుగవేసినచో రోమకుల రెండవ ముఖము కనబడును. బానిస నమ్మువాడు, వాడు పూర్వము ఆత్మహత్యకు యత్నించియున్నచో, ఆ దోషమును కొనువానికి తెలుపవలెను. కేటోకు కిరీటమైనది బానిసకు ధర తగ్గించు లోపము! సైనికుడు చావబోయి బ్రతికినచో, బాధచేతనో దుఃఖముచేతనో జీవితముపై విసుగుచేతనో చేసెనని తేలినప్పుడు అవమానముతో కొలువునుండి తీసివేయవలెననియు, ఏ కారణమును చూపలేనివానికి మరణశిక్షయే విధింపవలెననియు హేడ్రియను చక్రవర్తి నిర్ణయించెను. చావబోయినందుకు చంపుట! బానిసదేహము యజమానునిది, సైనికుని దేహము చక్రవర్తిది. తన దేహము తనదైనవాడు మాత్రమే దానిని కీర్తికొరకు వెచ్చింపగలడు. అట్టివారు ఆ మహాసామ్రాజ్యమున పిడికెడుమంది.

బీదలు తమలో తాము ఏమనుకొనిరో తెలిసికొనుటకు రోము సమీపమున లనూవియములో దొరకిన, క్రీ.శ. 136 నాటి, ఒక సంఘపు నిబంధనల శిలాశాసనమున్నది. అంత్యక్రియల ఖర్చుకై కూలీలు, బానిసలు కూడ చేరిన సంఘమది. చేరునప్పుడు 100 సెస్టర్సులు, ఒక కూజా మంచి మద్యము. పిమ్మట నెలకు అయిదు ఆసుల చందా. సభ్యుడు పోయినచో దహనమునకు 300 సెస్టర్సులు; అందులో 50 చితియొద్ద వచ్చినవారికి పంచిపెట్టవలెను. ఊరికి ఇరువదిమైళ్ల యవతల పోయినచో ముగ్గురు సభ్యులు వెళ్లి కార్యము జరిపించి లెక్క చెప్పవలెను. బానిసయైన సభ్యుని శవమును యజమానుడు కసితో ఇయ్యనిచో, బొమ్మను చేసి దానికే సంస్కారము చేయవలెను. మన ఊళ్లలోని చీటీపాటలవారు కూడ ఇంత శ్రద్ధగా నియమములు వ్రాసికొనరు. ఇదే శాసనమున, ఏ కారణముచేతనైనను తన్ను తాను చంపుకొన్నవానికి సంఘము ఏమియు నియ్యదని ఒక్క వాక్యమున్నది. కారణమేదైనను! తత్త్వవేత్తలు మూడు శతాబ్దములు తర్కించిన విషయమును నెలకు అయిదు ఆసులు కట్టుకొను కూలీలు ఒక్క పంక్తిలో తేల్చివేసిరి. వారి యుద్దేశము తత్త్వము కాదు, నిధి చెల్లిపోకుండుటయే కావచ్చును. కాని ఆ చావడిలో కేటో పేరు చెప్పి ఎవడును మెప్పు పొందియుండడు.

మన ధర్మశాస్త్రములలోను ఈ రెండు ముఖములును గలవు. ఆత్మఘాతకునికి ఉదకక్రియ లేదని యొకచోట విధించి, మరియొకచోట ప్రాయోపవేశమును, మహాప్రస్థానమును అంగీకరించి, కలియుగమున అవి వర్జ్యములని వేరొకచోట త్రోసిపుచ్చి, చివరకు దుర్మరణము నొందినవానికి నారాయణబలి చేసి తక్కినవారివలెనే గతి కలిగింపవచ్చునని దయదలచిరి. శ్రీశైలమున రెడ్డిరాజగు అనవేమారెడ్డి శకవర్షము 1299లో వీరశిరోమండపమును కట్టించెను. అక్కడ వీరభక్తులు శిరస్సును, నాలుకను కోసికొని శివునికి అర్పించెడివారు. అది మానముకొరకు కాదు, మోక్షముకొరకు. కనుక దానిని నేటి ప్రసంగమున చేర్చుట సరికాదు.

మానమునకు మన కథలలో కేటోవంటివా డెవడు? నెల్లూరి ఖడ్గతిక్కన యుద్ధమునుండి మరలివచ్చినప్పుడు, భార్య చానమ్మ స్నానమునకు నీళ్లు తోడి, మంచము నడ్డము పెట్టి, పసుపుముద్ద నుంచినదను కథ మీరెరిగినదే. ఇంట ముగ్గురు ఆడువారమైతిమి, సిగ్గేల యనుట దాని భావము. తిక్కన మరల పోయి పోరి మడిసెను. రోమకునికి తాతల ముఖములు చూచుచుండగా, మనవానికి ఇల్లాలి పసుపుముద్ద చాలినది. పలనాటి కథలో బాలచంద్రుని నేస్తమగు అనపోతరాజును, బ్రాహ్మణుడు యుద్ధమున చావరాదని బాలచంద్రుడు నెపము పెట్టి వెనుకకు పంపగా, ఆ మోసమును తెలిసికొని అతడు ప్రాణము విడిచెనందురు. కారెంపూడిలో నాగులేటి యొడ్డున వీరుల గుడియొద్ద కార్తికమాసమున నేటికిని ఆ వీరులకు ఉత్సవము జరుగుచున్నది. చదివినప్పుడెల్ల నాకు అనపోతుపై జాలియే గాని ఆశ్చర్యము కలుగదు. స్నేహితుడు దాచిపెట్టి కాపాడదలచిన ప్రాణము వానికి అవమానముగా తోచినది; కేటోకు సీజరు క్షమ తోచినట్లు!

ఇక మన కోనసీమ సాక్ష్యము. 1323లో ఓరుగల్లు పడిపోయి, కాకతి ప్రతాపరుద్రుడు ఉలుఘ్‌ఖానునకు చిక్కి ఢిల్లీకి నడిపింపబడెను. ఆ తరువాత కొలది యేండ్లకే, శబరీగోదావరుల సంగమము చెంత రేకపల్లి రాజధానిగా నిలిచిన ముసునూరి ప్రోలయనాయకుడు, విలస గ్రామమును వెన్నయ యను పండితునకు దానము చేయుచు వ్రాయించిన శాసనమున్నది. నేలటూరి వేంకటరమణయ్యగారును మల్లంపల్లి సోమశేఖరశర్మగారును దీనిని పరిష్కరించి ప్రకటించిరి. బందీగా కొనిపోబడుచు రాజు నర్మదాతీరమున మరణించెనని అది చెప్పును. ఎట్లు మరణించెనో చెప్పదు. ఓడిన రాజు, కావలివాండ్రు, పొడవైన దారి, ఒక నదీతీరము, అంతే. ఆ తరువాత అగ్రహారముల హరణము, కర్షకుల దైన్యము వర్ణించుటకు శాసనకర్త శ్లోకములను విరివిగా వెచ్చించినాడు. రాజు గతించిన తీరుకన్న బ్రతికియున్న ప్రజల పాట్లే ఆయనకు ముఖ్యమైనవి.

నూరేండ్లు గడచినవి. 1423లో, రాజమహేంద్రవరపు రెడ్డిరాజ్యమున, కాటయవేముని కుమార్తెయు వీరభద్రారెడ్డి యిల్లాలునగు అనితల్లి కలువచేరు శాసనమును వ్రాయించినది. ఆ శాసనమున ప్రతాపరుద్రుడు తన యిచ్ఛచేతనే స్వర్గమునకేగెను. ఆ ఒక్క మాటతో బందీ స్వతంత్రుడైనాడు, ఓటమి గెలుపైనది. ఇరుశాసనములను కలిపి చదివి, ఆయన దారిలో ప్రాణత్యాగము చేసికొనియుండునని చరిత్రకారులు ఊహించుచున్నారు. అది అసంభవము కాదు. మరి యొక శతాబ్దమునకు ఏకామ్రనాథుని ప్రతాపచరిత్రము రాజును చంపనేలేదు. ఢిల్లీనుండి విడుదల చేయించి సగౌరవముగా మరల్చితెచ్చినది. మరణమునకు దగ్గరగా నున్నవాడు తీరము పేరు మాత్రము చెప్పెను. నూరేండ్ల దూరమున నున్నవారు ఇచ్ఛను చేర్చిరి. అంతకన్న దూరమున నున్నవారు మరణమునే తొలగించిరి. అనితల్లిని నేను తప్పుపట్టను. కాకతి రాజ్యము చెదరినపిమ్మట నిలిచిన నాయకుల వంశములకు, తమ పూర్వప్రభువు సంకెళ్లలో చచ్చెనని వ్రాసికొనుట కష్టమే. రోమకులకు తాతల ముఖములను మైనముతో పోతపోయుట యెట్టిదో, మనవారికి రాగిరేకుపై ఈ మాట చెక్కించుట అట్టిది.

బొబ్బిలిని గూర్చి చెప్పక ఈ ప్రసంగమును ముగించినచో మీరు నన్ను క్షమింపరు. 1757 జనవరి 24వ తేదీన బుస్సీ ఫ్రెంచిసేనయు విజయనగర ప్రభువగు విజయరామరాజు బలగమును కోటను ముట్టడింపగా, నిలుపుకొనుట యసాధ్యమని తెలిసిన బొబ్బిలి ప్రభువు రంగరాయడు అంతఃపురపు స్త్రీలను శిశువులను పరుల చేత చిక్కకుండ సంహరింపజేసెను. పిదప వెలమవీరులు కడపటివాని వరకు పోరి పడిరి. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రమును, వేదము వేంకటరాయశాస్త్రిగారు నాటకమును, ఊరూర బుర్రకథలవారు కథను దీనిపై నిర్మించిరి. ఆంగ్లచరిత్రకారుడు ఓర్మ్ 1778లో ప్రకటించిన సంపుటములోను ఇది విపులముగా నున్నది. పిమ్మట ఒక రాత్రి గుడారమున దూరి విజయరామరాజును ముప్పదిరెండు పోట్లు పొడిచినవారిని కావలివాండ్రు అక్కడనే చంపిరని ఓర్మ్ వ్రాయగా, తాండ్ర పాపారాయడు పగ తీర్చుకొని తనకు తానే పొడుచుకొనెనని మన కథ పాడుచున్నది. నర్మదాతీరమున జరిగినదే ఇక్కడను జరిగినది. శత్రువుల చేతిలో చచ్చినవాడు, పాటలో తన చేతిలో తానే చచ్చినాడు.

బొబ్బిలిలో జరిగినవంటిదానిని రోమకులును చూచిరి. క్రీ.పూ. 42లో కేటో అల్లుడగు ఆ బ్రూటసే లిసియా దేశమున జాంథసు పట్టణమును ముట్టడించినప్పుడు, పౌరులు తమ యిండ్లకు నిప్పు పెట్టుకొని, బిడ్డలతో మంటలలో దూకుచుండగా, అతడు గోడచుట్టు గుర్రముపై తిరుగుచు, చేతులు చాచి వేడుకొని, ఒక్క లిసియనుని కాపాడిన సైనికునకు బహుమానమిత్తునని చాటించెనట! దక్కినవారు నూటయేబదిమంది మాత్రమే. మానముకొరకు చచ్చుటను మతముగా కొలిచిన జాతివాడు, పరులు అదే చేయుచుండగా చూడలేకపోయెను. బొబ్బిలి కోటలో ప్రవేశించిన ఫ్రెంచివారును ఆ పిల్లల శవములను చూచి భీతిల్లిరని ఓర్మ్ చెప్పుచున్నాడు. రంగరాయని శౌర్యమున నాకు సందేహము లేదు. కాని అంతఃపురములో నున్న శిశువులను ఎవ్వరును అడుగలేదు. లుక్రేషియా తన ప్రాణమును తాను తీసికొన్నది, కేటో యితరులను ఓడ యెక్కించి తాను నిలిచెను; బొబ్బిలిలో పసివాండ్ర ప్రాణములకు పెద్దల మానము వెలకట్టినది. బుర్రకథలో ఆ ఘట్టము వచ్చినప్పుడు జనులు కంటతడి పెట్టుకొని చప్పట్లు కొట్టుదురు. కంటతడి న్యాయమే, చప్పట్ల సంగతి ఆలోచింపవలసి యున్నది.

బొబ్బిలిలో ఆనాడే జరిగిన సంగతి నొకదానిని ఓర్మ్ వ్రాసినాడు. పోరు ముగిసినపిమ్మట ఒక వృద్ధుడు ఒక బాలుని చేయి పట్టుకొని వచ్చి, లా యను ఫ్రెంచి దొర యెదుట నిలిచి, వీడు రంగరాయని కుమారుడు, తండ్రి యాజ్ఞకు విరుద్ధముగా నేను వీనిని దక్కించితినని చెప్పెను. ప్రభువు యాజ్ఞను మీరుట వెలమకొలువులో ఎట్టి ద్రోహమో ఆ వృద్ధునకు తెలియదా? అందరు చావవలెనని నిశ్చయమైన యింటిలో, చంపుటకు వచ్చినవారి కన్నుగప్పి, ఏడ్వవలదని పసివాని నోరు మూసి, దాగియుండి, చివరకు శత్రువు నెదుటికే నడచిపోవుటకు ఎంత గుండె కావలెను! కుమారుడు బాగుగా తిన్నాడని భర్తతో చెప్పి బయటికి వచ్చి యేడ్చిన యారియాకు ఈ వృద్ధుడు సోదరుడు. అనపోతును వెనుకకు పంపిన బాలచంద్రుడును ఈ తెగవాడే, ఆ నెపము ఫలించియున్నచో.

బుస్సీ ఆ బాలుని ఆదరించెను. కాలక్రమమున బొబ్బిలి సంస్థానము మరల నిలువదొక్కుకొన్నది. దాని ప్రభువు రామకృష్ణ రంగారావుగారు 1932లో చెన్నరాజధానికి ప్రధానమంత్రియైనారు. పాపారాయనికి కథలున్నవి, నాటకములున్నవి, చలనచిత్రమున్నది. ఆ వృద్ధుని పేరును ఓర్మ్ వ్రాయలేదు. నారాయణకవి మొదలు బుర్రకథలవారి వరకు మనవారు వీరరసమునకు ఇచ్చిన తావులో పదవవంతైనను వానికి ఇయ్యలేదు. ఈ సీమలో కథకులకు కొదువ లేదు. వచ్చు తీర్థమునకు బొబ్బిలికథ పెట్టించినప్పుడు, పాపారాయడు గుడారమున దూరుటకు ముందు, ఆ ముసలివాడు బాలుని చేయి పట్టుకొని శత్రువు నెదుట నిలిచిన ఘట్టమునకు ఒక అరగంట కేటాయింపుమని కథకుని అడుగుడు.